మొగలి ఆకు ముడి

కల్‌మెట్‌కు మతిమరుపు. ఈ సంగతి ఊళ్ళో కోళ్ళకు కూడా తెలుసని అతని భార్య లెయినాసే అంటుంది. కిరోసిన్ తెమ్మంటే సబ్బు తెస్తాడు. సబ్బు తెమ్మంటే ఉత్త చేతులతో వచ్చి, "నువ్వేమన్నా చెప్పావా?" అంటాడు. అదేం చిత్రమో గానీ, ఇరవై ఏళ్ళ కిందట ఎవరి పంది ఎవరి కంద తోటలో పడి తవ్విందో, అప్పుడు ఎవరు ఎవరిని ఏమన్నారో పొల్లు పోకుండా చెబుతాడు. తాతల పేర్లు తొమ్మిది తరాల దాకా గడగడా అప్పజెబుతాడు.

"ఆడదాని మాట దగ్గరికి వచ్చేసరికే ఆయన బుర్రకు చిల్లు పడుతుంది" అని లెయినాసే చాప అల్లుతూ చెబితే, తోటి ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వేవారు. అందరిళ్ళలోనూ ఆ చిల్లు బుర్రలే మరి.

వాళ్ళుండే దీవిలో ఊరి పనులన్నీ తేలేది నకమాల్‌లో. అది మగవాళ్ళు కూర్చునే పెద్ద తాటాకు పాక లాంటి ఇల్లు, వాగుకు అవతల ఉంటుంది. సాయంత్రం మత్తెక్కించే వేరు రసం, కావా, తాగేదీ, తగవులు తీర్చేదీ, ఎక్కడ ఏం కట్టాలో నిర్ణయించేదీ అక్కడే. గుమ్మం ముందు ఒక చదునురాయి ఉంది. ఆడవాళ్ళు కంద తురిమి ఆకుల్లో ఉడికించిన లప్‌లప్‌ను ఆ రాయి మీద పెట్టి వెనుదిరగాలి. ఏదైనా చెప్పాలనుంటే మొగుడితో చెప్పి పంపాలి. మొగుడు లేకపోతే అన్నతో, అన్న లేకపోతే కొడుకుతో. ఎవరూ లేకపోతే కడుపులోనే దాచుకోవాలి. ఎంత మర్యాదైన ఏర్పాటో చూడండి! నీళ్ళ బిందెలు, కట్టెల మోపులు తామే మోసుకునే ఆడవాళ్ళకు, మాటలు మోయడానికి మాత్రం మనుషుల్ని పెట్టారు.

ఆ ఏడు ఊరికి ఒక ఆసుపత్రి గది, ఒక నర్సు వస్తున్నారని కబురొచ్చింది. గది ఎక్కడ కట్టాలో ఊరే తేల్చుకోవాలి. చర్చి చూరు కింద చాపలల్లుతూ ఆడవాళ్ళు ఆ మధ్యాహ్నమే తేల్చేశారు. ఇళ్ళన్నీ వాగుకు ఇవతల ఉన్నాయి. గది కూడా ఇవతలే, చర్చి పక్కనే ఉండాలి. వాళ్ళు రోజూ కంద బుట్టలు నెత్తిన పెట్టుకుని అవతలి తోటలకు పోయి వచ్చేవాళ్ళు. వాగు మధ్య నల్లరాయి మునిగితే కాలు పెట్టకూడదని ప్రతి ఆడపిల్లకూ తెలుసు. మగవాళ్ళకూ తెలుసు. కానీ వాగు పొంగితే వాళ్ళు ఆ పూటకు కావా మానుకుంటారు, అంతే. నొప్పులు మొదలైన మనిషి పురుడు మానుకోలేదు కదా.

"ఏమయ్యా, వింటున్నావా?" అంది లెయినాసే, మొగుడు నకమాల్‌కు బయలుదేరుతుంటే.

"వింటున్నా."

"ఏం చెప్పానో చెప్పు."

"ఆసుపత్రి."

"ఆసుపత్రి ఏమిటి?"

"వాగు."

"వాగు ఏమిటి, నీ తలకాయ!"

కూతురు లెయివియా కిసుక్కుమని నవ్వింది. మొగుడు పడవ మీద పనికి పోతే పురిటికని పుట్టింటికి వచ్చింది. తొలి కాన్పు. అయిదో నెల. "అమ్మా, నాన్న చేతికి ఏదైనా కట్టి పంపు. సంతకు తోలే పంది కాలికి కట్టినట్టు" అంది. అని ఊరుకోలేదు. అల్లుతున్న చాపలోంచి ఒక మొగలి ఆకు పేలిక లాగి, తండ్రి మణికట్టుకు రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడి వేసింది.

"మాట చెప్పాకే ఇది విప్పాలి నాన్నా. అమ్మ మాటే కాదు, నాది కూడా."

"సరేలేవే, పెద్దముత్తైదువా" అని నవ్వుకుంటూ వెళ్ళాడు కల్‌మెట్.

చీకటి పడుతుండగా తిరిగి వచ్చాడు. ముడి చేతికి అలాగే ఉంది.

"చెప్పావా?"

"మర్చిపోయానే."

గది నకమాల్ పక్కనే కడతారట. ఊరి పెద్దాయన కల్‌సౌ తమ్ముడు చదునైన నేల ఊరికే ఇచ్చాడట. అధికారులు వస్తే కూర్చోబెట్టడానికి కూడా వీలుగా ఉంటుందట. లెయినాసే తిట్టవలసినంతా తిట్టింది. మర్నాడు మరిదితో చెప్పి చూసింది. "గుంజలు పాతేశారు కదా వదినా. ఇప్పుడెవరు కదిలిస్తారు?" అన్నాడతను. నకమాల్ ముందరి చదునురాయి దాటి లోపలికి వెళ్ళి మాట్లాడిన ఆడది ఆ ఊళ్ళో అప్పటిదాకా లేదు. లెయినాసే కూడా దాటలేదు.

ఒక్క మాట చెప్పనివ్వండి. ఆ సాయంత్రం నకమాల్‌లో కూర్చున్న ఇరవై మందిలో చెడ్డవాడు ఒక్కడూ లేడు. భార్యల్ని కొట్టేవాళ్ళు కాదు, బిడ్డల్ని ప్రేమించని వాళ్ళు కాదు. ఊరి మేలు కోరే కూర్చున్నారు. కానీ కడుపుతో వాగు దాటిన మనిషి వాళ్ళలో ఒక్కరూ లేరు. మంచితనం ఎంత ఉన్నా, ఆ లోటు పూడ్చలేదు.

వానాకాలం వచ్చింది. గది తయారైంది, నర్సు దిగింది. మూడు రోజులు తెరిపి లేకుండా కురిసిన వాన నాలుగో నాటి పొద్దున కాస్త ఆగింది. లెయివియాకు అప్పుడే నొప్పులు మొదలయ్యాయి. నలుగురు ఆమెను చాపలో మోసుకుంటూ వాగు దాకా వచ్చారు. నల్లరాయి కనపడలేదు.

అవతలి గట్టు మీద నర్సు నిలబడి ఉంది. ఆమె మొహం తెలుస్తోంది, మాట వినపడటం లేదు. నీళ్ళ హోరులో చేతులతో సైగలు చేసింది. ఆ సైగలు చూస్తూనే లెయినాసే గట్టు మీద కూతురికి పురుడు పోసింది. ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. ఆ తర్వాత నెత్తురు ఆగలేదు. కల్‌మెట్ నడుముకు తాడు కట్టుకుని రెండుసార్లు నీళ్ళలోకి దిగాడు. వాగు రెండుసార్లూ ఒడ్డుకు విసిరింది. మధ్యాహ్నానికి నీరు తీసింది. నర్సు మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని పరుగున దాటి వచ్చేసరికి, తల్లి ఒళ్ళో లెయివియా చేయి చల్లబడి ఉంది.

పదో రోజు భోజనాలకు ఊరంతా నకమాల్ దగ్గర చేరింది. మగవాళ్ళు లోపల, ఆడవాళ్ళు బయట. లెయినాసే ఒక చంకలో పసిదాన్ని ఎత్తుకుని, రెండో చేత్తో లప్‌లప్ పళ్ళెం తెచ్చి చదునురాయి మీద పెట్టింది. లోపల పెద్దాయన కల్‌సౌ మాట్లాడుతున్నాడు. ఆయన దుఃఖం నిజమైనదే.

"బంగారం లాంటి పిల్ల. ఏం చేస్తాం? వాగు ఇలా చేస్తుందని మనకు ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే గది ఇక్కడ ఎందుకు కడతాం?"

లెయినాసే వెనుదిరగలేదు. అక్కడే నిలబడిపోయింది.

లోపల కల్‌మెట్ లేచాడు.

"చెప్పారు పెద్దాయనా."

"ఎవరు తమ్ముడూ?"

"మా ఆడది చెప్పింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా చెప్పారు. నా బిడ్డ చెప్పింది." అతను మణికట్టు ఎత్తి చూపించాడు. మొగలి ఆకు పేలిక ఎండి, చివరలు చీలి, ఇంకా అక్కడే ఉంది. "మర్చిపోకుండా ఉండాలని తనే కట్టింది."

"పాపం, మర్చిపోయావు. నీ మతిమరుపు తెలిసిందే కదా" అన్నాడెవరో జాలిగా.

"నేను మర్చిపోలేదు." అన్నాడు కల్‌మెట్. "మీరు నేల గురించి మాట్లాడుతున్నంతసేపూ ఈ ముడి చూస్తూనే కూర్చున్నాను. నోటి దాకా వచ్చింది. నిరుడు ఇక్కడే మన తారీ తన భార్య మాట చెప్పబోతే, 'నీ ఇంట్లో లుంగీ ఎవరు కడతార్రా?' అన్నాం, గుర్తుందా? అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నన్నూ అలాగే నవ్వుతారని మింగేశాను. ముప్పై ఏళ్ళుగా మింగుతూనే ఉన్నాను. నాకు మతిమరుపు లేదయ్యా. సిగ్గు. సిగ్గుకు మతిమరుపని పేరు పెట్టుకున్నాను."

బయట ఆడవాళ్ళ చేతుల్లో పళ్ళేలు అలాగే ఉండిపోయాయి.

"ఒక్క నేను చెప్పకపోతే ఊళ్ళో సగం మందికి నోరు లేకుండా పోయింది. అలా ఉండకూడదు పెద్దాయనా. ప్రాణం మీదికి వచ్చేది ఎవరికో, ఆ మాట తేల్చే చోట వాళ్ళే కూర్చోవాలి. మనతో సమానంగా, మన పక్కనే. ఇంకొకడి చేతికి ముడి కట్టి పంపించే గతి నా మనవరాలికి పట్టకూడదు."

అతను గుమ్మం దాకా వచ్చాడు. రాయికి అవతల భార్య, ఇవతల తను. ఆమె చంకలో పిల్ల నిద్రపోతోంది. కల్‌మెట్ పళ్ళెం పక్కకు తీసి, ఆ రాయిని ఖాళీ చేశాడు.

"లోపలికి రా లెయినాసే. నీ మాట నువ్వే చెప్పు" అన్నాడు, ఊరంతా వినేలా. "నేను మోయలేదు. తప్పు నాది."