మామిడికి పడమర

యోర్లెనీకి దారులు చదవడం నేర్పింది నేనే. మా పోలీసు స్టేషన్‌లో ఇప్పుడు ఆ మాట ఎవరూ ఎత్తరు కాబట్టి ముందే చెప్తున్నాను.

మా రేవు పట్టణం పుంతారెనాస్‌లో పేటలకు వీధి పేర్లు ఉండవు, ఇళ్లకు నంబర్లుండవు. ఫలానా చోటు నుంచి ఇన్ని మీటర్లు పడమరకి, ఇన్ని దక్షిణానికి, అంతే. ఆ ఫలానా చోటు ఎప్పుడో కూలిపోయి ఉంటుంది. పాత ఐసు ఫ్యాక్టరీ అంటారు, వెళ్లి చూస్తే అక్కడ టైర్ల కొట్టు. పిల్లలకు భరణం కట్టకుండా తిరిగే తండ్రులను కోర్టు ఉత్తర్వుతో పట్టుకొచ్చే దళం మాది. లేని చోటు నుంచి కొలుచుకుంటూ దాక్కున్న మనిషి దాకా వెళ్లాలి. ఆరో తరగతితో బడి మానేసిన నాకు ఆ విద్య తిరిగి తిరిగి అబ్బింది. యోర్లెనీ కొత్తగా వచ్చినప్పుడు బండిలో పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చూపించాను. అన్నీ అంటే, దారిలో తగిలినవన్నీ.

దళం నాయకుడి కుర్చీ ఖాళీ అయినప్పుడు అది నాదేనని మా డ్రైవరు గ్రేవిన్ పందెం కూడా కాశాడు. కుర్చీ యోర్లెనీకి ఇచ్చారు. ఆవిడకు హైస్కూలు పట్టా ఉంది.

"ప్రస్తుతానికే," అన్నాడు కమాండరు, మా ఇద్దరినీ నిలబెట్టి. "శుక్రవారంలోగా ఓల్మన్‌ని తెస్తే కుర్చీ నీదే అమ్మాయ్. తేలేకపోతే ఇదిగో, ఈ ఎవేలియోకి ఇస్తా."

ఓల్మన్ రొయ్యల పడవ మీద పనిచేసేవాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఏడాదిగా ఎవరికీ దొరకలేదు. శుక్రవారం దాటితే అతని మీద ఉత్తర్వుకు కాలం చెల్లుతుంది.

కుర్చీ ఇచ్చినా ఆవిడ అందులో కూర్చోదు. పొద్దున్నే అందరికీ తనే కాఫీ పోస్తుంది. "నువ్వైతే ఏం చేస్తావు?" అని గ్రేవిన్‌ని అడుగుతుంది. గ్రేవిన్‌ని! ఇన్నేళ్లూ నా పక్కన ఎంపనాడాలు నమలడం తప్ప నోరు విప్పని మనిషి ఇప్పుడు సలహాలు చెప్తున్నాడు, ఆవిడ శ్రద్ధగా తల ఊపుతోంది. అది చూడలేక నా కాఫీ బయటికి తీసుకెళ్లి తాగేవాణ్ణి.

గురువారం పిల్లల తల్లి ఫోన్ చేసింది. ఓల్మన్ ఎక్కడున్నాడో తెలిసింది: ఒకప్పుడు మామిడి ఉన్న చోటు నుంచి డెబ్బై అయిదు మీటర్లు పడమరకి, ఆకుపచ్చ గేటు.

"చెట్టు కొట్టేసి ఉంటారు," అంది యోర్లెనీ. "మొద్దు ఎక్కడుందో కనుక్కుందాం. ఏమంటారు ఎవేలియో గారూ?"

"నాయకురాలు మీరు. మీరెలా అంటే అలా."

మామిడి అంటే చెట్టు కాదు. బారు. గోడ మీద ఇంత పండు బొమ్మ ఉండేది. తగలబడిపోయి చాలా ఏళ్లయింది. కొండ మీద కార్తాగోలో పుట్టి పెరిగిన మనిషికి అదెలా తెలుస్తుంది? నన్ను మొద్దు గురించి అడిగింది, బారు గురించి అడగలేదు.

పేటలో జనం మర్యాదస్తులు. తెలియదని చెప్పడం నామోషీ. ఎవరో ఒక మొద్దు చూపించారు. అక్కణ్ణుంచి పడమరకి కొలిచి ఒక నీలం గేటు ముందు ఆగాం.

"మళ్లీ రంగేసి ఉంటాడు దొంగ వెధవ," అన్నాడు గ్రేవిన్.

జుట్టుకు క్లిప్పులు పెట్టుకున్న ముసలావిడ తలుపు తీసింది.

"ఓల్మనా? ఈ ఇంట్లో మగాడనేవాడు మసలి ఎంత కాలమైందో! మీకు దొరికితే నాకూ ఒకడిని తెచ్చిపెట్టండమ్మా."

"మా ఎవేలియో ఖాళీగానే ఉన్నాడు అమ్మమ్మా," అన్నాడు గ్రేవిన్.

ఆవిడ మమ్మల్ని లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. యోర్లెనీ మామిడి సంగతి చెప్పగానే పడీ పడీ నవ్వింది.

"అది అవకాడో మొద్దే తల్లీ! మామిడంటే బారు. బేకరీ వెనకాల ఉండేది. మా ఆయన జీతమంతా అక్కడే ధారపోశాడు." కళ్లు చికిలించి నా వైపు చూసింది. "ఇదేంటి, ఈయన్ని అడగలేదా? ప్రతి శనివారం అక్కడ బల్లెక్కి కుంబియా డాన్సు చేసేవాడుగా!"

గ్రేవిన్ నవ్వు ఠక్కున ఆగింది. యోర్లెనీ కప్పు కింద పెట్టింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"బల్లెక్కా?" అంది నెమ్మదిగా. "అయితే దారి బాగా గుర్తుంటుంది. ముందు మీరు నడవండి."

బేకరీ వెనక ఆకుపచ్చ గేటు ఉండాల్సిన చోటే ఉంది. గ్రేవిన్‌ని బండిలో ఉండమంది, తను గేటు దగ్గర ఆగింది.

"తలుపు మీరే కొట్టండి. మీ తీరు నాకింకా పట్టుబడలేదు."

ఇంటి వెనక సందు ఉందని నాకు తెలుసు. ఆవిడకు తెలియదు.

తలుపు తీసింది ఓల్మనే. ఒట్టి కాళ్లు, చేతిలో అన్నం, చేప ఉన్న పళ్లెం.

"ఎవేలియో అన్నా! నువ్వా? బాసువయ్యావా?"

అతను గేటు వైపు తొంగి చూసి గొంతు తగ్గించాడు.

"ఓహో, ఆ పిల్లా బాసు? అన్నా, రెండు నిమిషాలు చాలు నాకు. వెనక సందులోంచి పోతా, నువ్వు తలుపు బాదుతూ ఉండు. రేపటితో నా ఉత్తర్వు చస్తుంది, ఆ పిల్ల కుర్చీ ఊడుతుంది, నీకొస్తుంది. నువ్వు దానికోసం ఎంత కుళ్లిపోతున్నావో రేవులో అందరూ చెప్పుకుంటున్నార్లే."

రేవులో అందరూ. చేపలు కడిగేవాళ్ల దాకా వెళ్లిందన్నమాట నా కడుపుమంట. నోట్లో మెతుకులు నములుతూ వీడు నాకు కుర్చీ ఇప్పిస్తాడట. అందులో కూర్చున్నన్నాళ్లూ అది ఓల్మన్ పెట్టిన భిక్ష అవుతుంది, రేవంతా అదే చెప్పుకుంటుంది.

పళ్లెం లాక్కుని గట్టు మీద పెట్టి, మణికట్టు పట్టుకున్నాను.

"చెప్పులేసుకో."

"అన్నా..."

"అన్నా లేదు, తమ్ముడూ లేదు. నడువు."

బండిలో ఓల్మన్ నా చెవి దగ్గర గొణిగాడు: "నీకేం ఒరిగింది చెప్పు?"

ముందు సీట్లో యోర్లెనీ రేడియో అందుకుంది. "ఓల్మన్ దొరికాడు సార్. పట్టుకున్నది ఎవేలియో గారు."

"శభాష్ యోర్లెనీ!" అన్నాడు కమాండరు.

సోమవారానికి కుర్చీ ఆవిడదైంది. దళంలోకి కొత్తగా ఇద్దరు వచ్చారు. కాఫీలు పోసి, వాళ్లకు నన్ను చూపించింది.

"ఈ ఊళ్లో ఇప్పుడు లేని చోట్లన్నీ ఎవేలియో గారికి తెలుసు. రోజుకొకటి చెప్తారు, నేర్చుకోండి. నాకు నేర్పింది కూడా ఆయనే."

ఆ మాట కూడా ఆవిడ నోటే రావాలా?

గొంతు సవరించుకుని, "మామిడంటే చెట్టు కాదు, బారు," అన్నాను.

కొత్తవాళ్లిద్దరూ నిజమేనా అన్నట్టు ఆవిడ వైపు చూశారు. ఆవిడ తల ఊపాక రాసుకున్నారు.