వరహాలమ్మ దిగిన నీళ్ళు

నేను ఒక ఈత పలకను. నీలం రంగు, మూరెడు పొడుగు, ఎత్తితే బరువే తెలియదు. ఈత రానివాళ్ళు నీళ్ళలో నన్ను రెండు చేతులా పట్టుకుని కాళ్ళాడిస్తారు. నన్ను ముంచడం ఎవరి తరమూ కాదు. నా దురదృష్టమూ అదే. కోపమొచ్చినప్పుడు అడుగుకు పోయి కాసేపు ఎవరికీ కనబడకుండా కూర్చుందామన్నా నా పుట్టుక ఒప్పుకోదు. ఎంత కోపమొచ్చినా నవ్వుతున్నట్టు పైకి తేలాల్సిందే.

నురుగును పరుపులా పోసి, చల్లారాక కోసి, అంచులు గుండ్రంగా చెక్కి ఒక ఫ్యాక్టరీలో నన్ను తయారుచేశారు. నాలాంటివాళ్ళం గోనెసంచి నిండా ఈ ఊరి ఈతకొలనుకు వచ్చాం. ఇక్కడికి సముద్రం కూతవేటు దూరం. అయినా మనుషులు డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుని మందు కలిపిన నీళ్ళలో దిగుతారు. పిల్లలు నా మూలలు కొరికారు. వాళ్ళ కోచ్ నన్ను గాలిలోకి విసిరి వాళ్ళ నెత్తిమీద కొట్టాడు. ఉదయంపూట మగవాళ్ళు వచ్చేవారు. బొజ్జలు లోపలికి పీల్చుకుని దిగి, అటొకసారి ఇటొకసారి ఈది, ఆ తర్వాత గట్టు పట్టుకుని నిలబడి స్థలాల ధరల గురించీ తమ ఒంట్లోని షుగరు గురించీ మాట్లాడుకునేవారు. వ్యాయామమంటే అదేనని వాళ్ళ నమ్మకం. వాళ్ళమీద నాకు పెద్ద కోపం లేదు. నవ్వొచ్చేది, అంతే.

కోపం మొదలైంది వరహాలమ్మ వచ్చిన రోజున.

ఆమె బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైంది. ఆడవాళ్ళు ఆ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న కాలంలో చేరిందట. పొట్టిగా, దిట్టంగా ఉంటుంది. పట్టుకోవడానికి కడ్డీ ఉన్నా లేకపోయినా గుంపులో నిలబడగలిగిన మనిషి. ఆ రోజు మాత్రం గేటు దగ్గరి రెండు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకుంది. కొలను చూసుకునే త్రినాథరావు బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. నేను ఆ బల్ల పక్కనే గోడకు ఆనించి ఉన్నాను.

"ఎవరికండీ, మనవడికా? పిల్లల బ్యాచ్ సాయంత్రం" అన్నాడతను తలెత్తకుండా.

"నాకే బాబూ."

అతను తలెత్తాడు. "మీకా? మామ్మగారూ, ఈ వయసులో ఈతెందుకండీ? ఇంట్లో కూర్చుని నాలుగు భజనలు పాడుకోండి."

"మామ్మనెవులికి? నీకా?" అంది వరహాలమ్మ. "బస్సులో నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోనాయి. కొండమెట్లెక్కితే గట్టిపడతాయని మా ఆయన రోజూ ఎక్కించినాడు. కుండల్లాగ వాసిపోనాయి. అరిగిన కీలు మీద బరువు పడకుండా కదలమన్నాడు డాక్టరు. సైకిలు తొక్కమన్నాడు, నేకపోతే నీళ్ళలో నడవమన్నాడు. సైకిలు నాకు రాదు. అందుకని ఇక్కడికొచ్చినాను."

"ఈత రాదు కదండీ మీకు."

"ఈదుతానని ఎవులన్నారు? నడుత్తానన్నాను."

చీరతో దిగనివ్వనన్నాడు. ఆమె వెళ్ళి, మెడనుంచి మడమలదాకా కప్పే ఈతబట్టలు కుట్టించుకుని వచ్చింది. మగవాళ్ళున్నప్పుడు కుదరదన్నాడు. పిల్లలున్నప్పుడు అడ్డమన్నాడు. చివరికి మధ్యాహ్నం పన్నెండింటికి రమ్మన్నాడు. మే నెల మధ్యాహ్నం! గట్టు మీది పలకరాళ్ళు పెనంలా కాలుతుంటే అరవై దాటిన మనిషిని ఆ వేళకు రమ్మనడం దయచూపడమట. ఆమె రాదనే అలా అన్నాడు. ఆ లెక్క అతని ముఖంలో నాకు స్పష్టంగా కనిపించింది.

ఆమె వచ్చింది. వెంట కామేశ్వరి టీచరును కూడా తీసుకొచ్చింది.

కామేశ్వరి వరహాలమ్మ ఉండే వీధిలోనే ఉంటుంది. లెక్కలు చెప్పి రిటైరైంది. సన్నటి మనిషి, మాట నెమ్మది. ఏడాది కిందట స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ మళ్ళీ పడతానన్న భయం ఆమెను కుర్చీకి కట్టేసింది. "పడితే నీళ్ళలోనే కదేటి టీచరమ్మా, నీళ్ళకి ఎముకలిరగ్గొట్టడం రాదు" అని వరహాలమ్మ ఆమెను ఒప్పించి తెచ్చిందట.

ఇద్దరూ తడి తువాళ్ళు పరుచుకుంటూ వాటిమీద అడుగులేస్తూ నీళ్ళదాకా వచ్చారు. వరహాలమ్మ నన్ను తీసుకుంది. బస్సు నిండా ఉన్న జనాన్ని కసిరి అదుపులో పెట్టిన మనిషి, నీళ్ళు నడుము దాటగానే నన్ను గుండెకు అదుముకుని కళ్ళు మూసుకుంది. ఛాతీ లోతుకు వచ్చాక ఒక అడుగు వేసింది. మరో అడుగు వేసింది. ఆగిపోయింది.

"టీచరమ్మా" అంది గొంతు తగ్గించి. "నొప్పి నేదు."

"ఏమిటీ?"

"మోకాళ్ళు నొప్పెట్టట్నేదు. ఒళ్ళు బరువంతా ఎవులో పట్టుకున్నట్టుంది." ఆ తర్వాత ఆమె తిట్టడం మొదలుపెట్టింది. కొండమెట్లను తిట్టింది, మొగుడిని తిట్టింది, ఈ సంగతి ముందే చెప్పని లోకాన్నంతా తిట్టింది. తిడుతూనే ఆ చివరిదాకా నడిచింది. నన్ను పట్టుకున్న వేళ్ళు మెల్లగా వదులయ్యాయి.

కామేశ్వరి మొదటిరోజు మెట్టు మీదే కూర్చుని కాళ్ళు తడుపుకుంది. వారం తిరిగేసరికి దిగింది. మే నెలాఖరుకల్లా నన్ను మెడకింద పెట్టుకుని వెల్లకిలా తేలేది. చెవులు నీళ్ళలో మునిగి, ముఖం ఆకాశానికి తిరిగి ఉంటే, ఆమె పెదవులమీద చిన్నపిల్ల నవ్వు కనిపించేది. "ఇంట్లో గోడ పట్టుకోకుండా నడిచాను, వరహాలూ" అని ఒకరోజు చెప్పింది. నడుమునొప్పి ఉన్నావిడ ఒకరు, చేతులు పైకి లేవనావిడ ఒకరు, ఇలా మరికొందరు చేరారు. మధ్యాహ్నపు ఎండలో ఆ ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ అటూ ఇటూ నడిచేవారు. ఎవరూ పరుగెత్తలేదు, ఎవరూ ఆయాసపడలేదు. ఇళ్ళకు మాత్రం కాస్త నిటారుగా వెళ్ళేవారు.

అదే కొందరికి గిట్టలేదు. నీళ్ళమీద కొబ్బరినూనె తేలుతోందని ఉదయంపూట మగవాళ్ళు ఫిర్యాదు చేశారు. నూనె నిజంగా తేలేదా అంటే, తేలేది. పొద్దున్నే తలకు రాసుకుని దిగే ఒక పెద్దమనిషిది. ఆ నెత్తి కింద నేనెన్నిసార్లు ఈదానో! త్రినాథరావు విచారించలేదు. "మధ్యాహ్నం కొలను శుభ్రపరచు వేళ. ప్రవేశం లేదు" అని కాగితం అంటించాడు. బడులు తెరిచి పిల్లల బ్యాచ్ కూడా ముగియడంతో మా పలకలన్నిటినీ సామాన్ల గదిలో పడేసి తాళం వేశాడు.

ఆ గదికి చిన్న కిటికీ ఉంది. అందులోంచి కొలను కనబడేది. ఏ మధ్యాహ్నమూ ఎవరూ ఏదీ శుభ్రపరచలేదు. త్రినాథరావు ఫ్యాను కింద కాళ్ళు బల్లమీద పెట్టి నిద్రపోయేవాడు. ఖాళీ కొలను ఎండలో ఊరికే మెరిసేది. ఆ ఖాళీ నీళ్ళను చూస్తూ నేను ఎంత రగిలిపోయానో చెప్పలేను. ఒకరికి మోకాళ్ళూ, ఇంకొకరికి నడుమూ తిరిగి ఇస్తున్న నీళ్ళు అవి. వాటిని ఒక మనిషి తన కునుకు కోసం ఆపేశాడు. దొంగతనమంటే జేబులో చెయ్యి పెట్టడమే అనుకుంటారు మనుషులు.

వానలు మొదలై, వెలిశాయి. ఒక ఉదయం గేటు దగ్గర గోల వినిపించింది.

"ఇది జెంట్స్ టైమండీ!" అంటున్నాడు త్రినాథరావు.

"ఎక్కడ రాసుంది? బోర్డుమీద 'అందరికీ' అనుంది. అందరిలో మేం నేమా? టిక్కెట్లు కొన్నాం, దిగుతాం" అంది వరహాలమ్మ.

దిగారు. నీళ్ళలో ఉన్న మగవాళ్ళ సంగతి నేను కిటికీలోంచి చూశాను. నీళ్ళు ఒక్కసారిగా మరిగినట్టు గట్టెక్కేశారు. ఒకాయన తువ్వాలు అవతలి గట్టున ఉండిపోయింది. పాపం, మెడదాకా మునిగి అలాగే నిలబడిపోయాడు. వరహాలమ్మే తువ్వాలు అందించింది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. వారం తిరక్కుండా ఆ మగవాళ్ళే త్రినాథరావు మీద పడ్డారు: "వాళ్ళకి వేరే టైమిచ్చెయ్యవయ్యా బాబూ, మా పరువు పోతోంది!" ఆడవాళ్ళకు సాయంత్రం నాలుగింటి వేళ దొరికింది. న్యాయం కోసం కాదు, మగవాళ్ళ సిగ్గు కోసం. దొరికింది కాబట్టి పుచ్చుకున్నారు.

నా తాళమూ తీశారు. ఎండలోకి రాగానే నేను వెతికింది కామేశ్వరి కోసం. ఆమె లేదు.

"టీచరమ్మ మంచం దిగట్నేదు" అని వరహాలమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను. "నీళ్ళు మూసీసిన కాడ్నించి మళ్ళీ భయం పట్టుకుంది. కదలక కదలక కాళ్ళు సచ్చుబడిపోనాయి."

మూడోరోజు ఆమెను ఆటోలో తీసుకొచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు ఆడవాళ్ళు నాలుగు కాళ్ళూ పట్టుకుని మోసుకొచ్చారు. కుర్చీ నీళ్ళలో దించకూడదని త్రినాథరావు అడ్డం వచ్చాడు. "జరుగు, జరుగు! దిగేవోలున్నారు!" అని వరహాలమ్మ అరిచిన అరుపుకు అతను తనకు తెలియకుండానే పక్కకు తప్పుకున్నాడు.

కామేశ్వరి ఇంకా చిక్కిపోయింది. కుర్చీని నీళ్ళలోకి దించాక వరహాలమ్మ నన్ను ఆమె చేతుల కింద పెట్టి, వెనకనుంచి నడుము పట్టుకుని కుర్చీలోంచి లేపింది. వేసవిలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచిన కాళ్ళు నీళ్ళలో తడిబట్టల్లా వేలాడాయి. ఆమె కిందికి చూసుకుంది.

"ఎంత బాగా నడిచేదాన్ని" అంది. ఆ తర్వాత ఆ నెమ్మది మనిషి అరచేత్తో నీళ్ళను కొట్టింది. మళ్ళీ కొట్టింది. నీళ్ళు నా మీద, వరహాలమ్మ ముఖం మీద చిందాయి.

"ఇన్నాళ్ళూ ఇంట్లో అయినా కాస్త కదులుతూ ఉండాల్సిందండీ" అన్నాడు గట్టుమీది త్రినాథరావు. మంచి సలహా ఇచ్చానన్న తృప్తి కూడా ఉంది ఆ గొంతులో.

వరహాలమ్మ అతనివైపు తిరిగింది. ఏమంటుందా అని నేను ఎదురుచూశాను. అనవలసినవన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, నోరే లేదు. ఆమె అతనికి వీపు తిప్పి, టీచరమ్మ నడుము ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"కుడికాలు టీచరమ్మా. ఉత్తినే ఒకసారి."

కాసేపటికి నీళ్ళ కింద కుడి పాదం ముందుకు జరిగింది. ఎడమది జరగలేదు. ఆమె మళ్ళీ ప్రయత్నించింది. జరగలేదు. ఇక చాలు, ఎక్కేద్దామా అని అడిగింది వరహాలమ్మ.

కామేశ్వరి కోపంతో ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకోకుండానే, గోళ్ళు దిగేలా నన్ను పట్టుకుంది.

"ఇంకాస్త లోతుకి పద" అంది.