కింద పెట్టిన కప్పు

ఆఫీసువాళ్ళు రసజ్ఞను ఆరు నెలల పని మీద అమ్మాన్ పంపుతున్నారని తెలిసిన రోజు నుంచి, రాజరాజేశ్వరి జోర్డాన్ దేశం గురించి చదవడం మొదలుపెట్టింది. కొత్త మిక్సీ కొన్నా, దాంతో వచ్చిన పుస్తకం చివరి పేజీ దాకా చదివితే గాని ప్లగ్గు పెట్టని మనిషి. ఆమె చదివినదంతా రాత్రి భోజనాల దగ్గర కూతురి కంచం పక్కకి చేరేది.

"మోచేతులు దాటే చేతులున్న బట్టలే పెట్టుకో. ఎడంచేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వకు. మగవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చెయ్యి చాపితే తప్ప నువ్వు ముందు చాపకు. కాలు మీద కాలేసుకుని అరికాలు ఎదుటివాళ్ళకి కనపడేట్టు కూర్చోకు. అడక్కుండా ఆడవాళ్ళ ఫోటోలు తియ్యకు. నువ్వు వెళ్ళేసరికి రంజాన్ వస్తుంది, పగటిపూట వీధిలో నడుస్తూ నీళ్ళ సీసా ఎత్తకు."

"ఇందులో సగం ఏలూరులో నానమ్మ చెప్పినవేగా," అంది రసజ్ఞ ముద్ద కలుపుతూ. "రంజాన్ అంటావా, పుట్టి పెరిగింది హైదరాబాదులో. అదేదో నాకు కొత్తయినట్టు చెప్తావేంటమ్మా?"

రాజరాజేశ్వరి కాదనలేకపోయింది. ఆడపిల్ల అక్కడ ఎలా కూర్చోవాలి, ఎలా నవ్వాలి, ఎంత నవ్వాలి అని ఆ వ్యాసాల్లో రాసినవి చదువుతుంటే, కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు చెప్పినవి ఎవరో ఇంగ్లీషులో అచ్చువేయించినట్టే ఉంది.

రసజ్ఞ తండ్రి సుబ్రహ్మణ్యం నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన సలహా ఒక్కటే. "మసాలా పొడిలో గసగసాలు వెయ్యకు. దుబాయ్‌లో విమానం మారాలి. అక్కడ అవి నిషేధం." ఆ ముక్క ఆయన పేపర్లో ఒకసారి చదివాడు, రోజుకోసారి చెప్పాడు.

రాజరాజేశ్వరి చెప్పాలనుకున్నది మాత్రం వీటిలో ఏదీ కాదు.

రసజ్ఞకి ఇంటర్ చదివేటప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి. మాత్రలు వేళకి వేసుకుని, వేళకి నిద్రపోతే రావు. రెండేళ్ళుగా రాలేదు. కాలేజీ రోజులు దాటాక ఈ సంగతి ఆ ముగ్గురికీ, డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. సంబంధాలు చూసేటప్పుడు అడ్డమవుతుందని సుబ్రహ్మణ్యం భయం. రసజ్ఞకి ఆ భయం లేదు, ఆమె కారణం వేరు. కాలేజీలో ఒకసారి క్లాసులో పడిపోయాక, ఆ ఏడాదంతా తోటివాళ్ళు ఆమె చేతికి టీ కప్పు ఇవ్వడానికి కూడా ఆలోచించారు. ఉద్యోగంలో చేరేటప్పుడే నిశ్చయించుకుంది, ఇక ఎవరికీ చెప్పకూడదని.

ఆమె ఇంతవరకు ఎప్పుడూ ఒక్కతే ఒక ఇంట్లో పడుకోలేదు. అమ్మాన్‌లో కంపెనీ ఇచ్చే ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటుంది. రంజాన్ నెలలో అక్కడ ఊరంతా అర్ధరాత్రి దాటేదాకా మేలుకుని ఉంటుందని, విందులకి పిలుస్తారని, పిలిస్తే కాదనడం మర్యాద కాదని రాజరాజేశ్వరి చదివింది. నిద్ర చెడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఆ ఊళ్ళో ఎవరో ఒక్కరికైనా ఈ సంగతి తెలిసి ఉండాలి. ఎవరికీ తెలియకూడదని రసజ్ఞ షరతు. ఆ రెంటి మధ్యా ఆమె రోజులు గడుస్తున్నాయి.

దారి చూపించింది పనిమనిషి నవనీత. వీళ్ళుండే టవర్లోనే ఇంకో నాలుగు ఇళ్ళు చేస్తుంది.

"పన్నెండో ఫ్లోర్ల జోర్డాన్ మేడమ్ ఉంటది గాదమ్మా, వాళ్ళ సార్ రాయదుర్గంల ఆఫీసుకు పోతడు. ఆమెది గదే ఊరంట. మా అమ్మ బిడ్డ మీ ఊరికే పోతున్నదని చెప్పిన. తోలుకరా అన్నది."

"నిన్నెవరు చెప్పమన్నారే?"

"చెప్తే ఏమైతది? గింత ఫికర్ జేస్తున్నవు. పోయి అడిగితే అయిపాయె. మనిషి మంచిగుంటది. వాళ్ళ అత్తతోనే జర పరేషాన్. మన మాట రాదు గని అన్నీ చూస్తది ముసలామె."

తోడు రావడానికి రసజ్ఞ ఒప్పుకుంది. లిఫ్టు తలుపు మూసుకోగానే మాత్రం అంది. "బట్టల గురించి అడుగు, కూరగాయల గురించి అడుగు. నా సంగతి ఎత్తావంటే ఇంక నీతో మాట్లాడను."

"ఎత్తను."

రాజరాజేశ్వరి కుడిచేతిలో పూతరేకుల పెట్టె పట్టుకుని ఉంది.

జోర్డాన్ ఆవిడ పేరు హనాన్. ముప్పై అయిదేళ్ళుంటాయి. తలుపు తీస్తూనే ఇద్దరినీ చెంపకు చెంప ఆనించి పలకరించింది. హాల్లో సోఫాలున్నా, గోడ వారగా నేల మీద పరుపులు, వాటి మీద బాలీసులు కూడా ఉన్నాయి. అక్కడ ఆమె అత్తగారు నల్లటి గౌనులో, తెల్లటి ముసుగులో కూర్చుని ఉంది. కొడుకుని చూడడానికి వచ్చి చలికాలం ఉండిపోయిందట. ఆవిడకి అరబ్బీ తప్ప రాదు. అతిథులు కింద కూర్చుంటారా పైన కూర్చుంటారా అని చూసింది. రాజరాజేశ్వరి చీర సర్దుకుని ఆవిడ పక్కనే కింద కూర్చుంది. ముసలావిడ ముఖం విప్పారింది.

హనాన్ నిలబడే కాఫీ పోసింది. పాత్ర ఎడంచేతిలో, కప్పు కుడిచేతిలో. కప్పు అంటే మన దీపావళి ప్రమిద కంటే కాస్త పెద్దది, పిడి లేదు. అడుగున రెండు గుక్కల నల్లటి కాఫీ, పాలు లేవు, చక్కెర లేదు, గుప్పున ఏలకుల వాసన. అత్తగారి తరవాత రాజరాజేశ్వరికి, ఆ తరవాత రసజ్ఞకి ఇచ్చింది.

రాజరాజేశ్వరి కుడిచేత్తో అందుకుంది. అందుకుని, ముందున్న బల్ల మీద పెట్టింది.

గోదావరి జిల్లాల్లో పుట్టిన ఎవరైనా అదే చేస్తారు. ఇచ్చిన కాఫీ ఇచ్చినట్టే నోట పెట్టుకోవడం ఆవురావురుమన్నట్టు ఉంటుంది. పక్కన పెట్టి, నాలుగు మాటలు మాట్లాడాలి. ఇంటివాళ్ళు "తీసుకోండి, చల్లారిపోతోంది" అనాలి. అప్పుడు "అయ్యో, తొందరేముందండీ" అని, రెండోసారి అన్నాక తీసుకోవాలి. ఆమె ఆ మాట కోసం ఎదురుచూస్తూ, ఇల్లు చాలా బాగా సర్దుకున్నారని మొదలుపెట్టింది.

ఎవరూ తీసుకోమనలేదు. ముసలావిడ చూపు కప్పు మీద ఆగింది. బాలీసు మీంచి లేచి నిటారుగా కూర్చుని కోడలితో ఏదో అంది. హనాన్ చేతిలో ఉన్న పాత్ర పక్కన పెట్టి తానూ కింద కూర్చుంది.

"చెప్పండి," అంది ఇంగ్లీషులో. "మా వల్ల మీకు ఏం కావాలి?"

రాజరాజేశ్వరి తడబడింది. "ఏమీ లేదండీ. ఊరికే, అమ్మాయి మీ ఊరు వెళ్తోంది కదా, నాలుగు విషయాలు..."

హనాన్ ఆ మాట అత్తగారికి చెప్పింది. ఆవిడ తల అడ్డంగా ఊపి, వేలితో కప్పు చూపించింది.

హనాన్ కొంచెం సిగ్గుపడినట్టు నవ్వింది. "మా అత్తగారిది ఎడారి వైపు ఊరు. అక్కడ అతిథి మొదటి కప్పు తాగకుండా కింద పెట్టాడంటే, ఏదో అడగడానికి వచ్చాడని. అడగమని మేం అడగాలి. ఒప్పుకుంటున్నామని చెప్పాకే అతను తాగుతాడు. తాగకుండా లేచి వెళ్ళిపోతే ఆ ఇంటికి తలవంపులు. ఇప్పుడు పట్నంలో ఇవన్నీ ఎవరూ పట్టించుకోరు. ఈవిడ పట్టించుకుంటారు."

ఆమె చదివిన వాటిలో ఈ మాట ఎక్కడా లేదు. రాజరాజేశ్వరికి ముందు నవ్వు వచ్చింది. మా వైపు రెండుసార్లు తీసుకోమంటే గాని తీసుకోమండీ, అంతకు మించి ఏమీ లేదు అంటే సరిపోతుంది. అందరూ నవ్వుతారు. రెండు గుక్కలు తాగేస్తే, ఆ తరవాత బట్టల గురించీ కూరగాయల గురించీ మాట్లాడుకోవచ్చు.

ఆమె చెయ్యి కప్పు దాకా వెళ్ళింది.

"తాగెయ్యమ్మా," అంది రసజ్ఞ తెలుగులో. ముఖం మీద నవ్వు అలాగే ఉంది గాని గొంతులో లేదు. ఆమె తన కప్పు అప్పటికే ఖాళీ చేసింది.

రాజరాజేశ్వరి కూతురి వైపు చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"మా అమ్మాయికి ఫిట్స్ వస్తాయి," అంది. డాక్టరు గది బయట ఆ మాట అనడం ఆమెకి అదే మొదలు. అన్నాక ఇంగ్లీషు ఆగిపోయింది, మళ్ళీ వెతుక్కుంది. "మాత్రలు వేసుకుంటుంది. బాగానే ఉంటుంది. కానీ అక్కడ ఒక్కతే ఉంటుంది. ఎవరికో ఒకరికి తెలిసి ఉంటే చాలు. ఇంకేం అక్కర్లేదు."

రసజ్ఞ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. బయట నార్సింగి వైపు కడుతున్న భవనాల మీద క్రేన్లు కదులుతున్నాయి. వాటినే చూస్తూ నిలబడింది.

హనాన్ అత్తగారికి నెమ్మదిగా చెప్పింది. ముసలావిడ జాలి పడుతుందనీ, దేవుణ్ణి తలుచుకుంటుందనీ రాజరాజేశ్వరి అనుకుంది. ఆవిడ అదేమీ చెయ్యలేదు. ఒక ప్రశ్న అడిగింది.

"అది వచ్చినప్పుడు మేం ఏం చెయ్యాలి అంటున్నారు," అంది హనాన్.

"గట్టిగా పట్టుకోవాలి," అంది రాజరాజేశ్వరి. "నాలుక కరుచుకోకుండా చెంచా ఏదైనా..."

"కాదు." రసజ్ఞ కిటికీ దగ్గర నుంచే అంది. "పట్టుకోకూడదు. చెంచా అసలే పెట్టకూడదు. ఎన్నిసార్లు చెప్పానమ్మా నీకు? డాక్టర్ కూడా చెప్పాడు."

"నాకు ఆ క్షణంలో చేతులు ఆగవే."

"ఆపుకోవాలి."

ముసలావిడకి తెలుగు రాకపోయినా, తల్లీ కూతుళ్ళ మధ్య ఏం జరుగుతోందో భాషతో పనిలేకుండా అర్థమైనట్టుంది. ఇక తల్లిని వదిలేసి, కూతుర్ని పిలిచి, ఎదురుగా పరుపు మీద చేత్తో తట్టింది. రసజ్ఞ కదల్లేదు. ఆవిడ మళ్ళీ తట్టింది.

రసజ్ఞ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. విసుగ్గానే మొదలుపెట్టింది. చుట్టూ గట్టి వస్తువులు తీసెయ్యాలి. తల కింద మెత్తటిది పెట్టాలి. మెడ దగ్గర బిగుతుగా ఉంటే వదులు చెయ్యాలి. వెల్లకిలా ఉంచకూడదు. హనాన్ ఒక్కొక్క ముక్కా అరబ్బీలోకి మార్చింది. ముసలావిడ పక్కనున్న పొడుగాటి బాలీసు లాగి రసజ్ఞ ముందు పడేసింది, చూపించమని.

రసజ్ఞ ఆ బాలీసుని పక్కకి తిప్పింది. "ఇలా. నోట్లో ఉన్నది బయటికి వచ్చేట్టు. నీళ్ళు పట్టకూడదు. టైము చూడాలి. అయిదు నిమిషాలు దాటితే హాస్పిటల్. లోపే ఆగిపోతే ఏమీ అక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు. లేచాక ఏమైంది ఏమైంది అని అడగకూడదు. నాకు అప్పుడు మాట్లాడాలనిపించదు."

చివరి రెండు మాటలూ రాజరాజేశ్వరి ఎప్పుడూ వినలేదు. ప్రతిసారీ అడిగేది ఆమే.

ముసలావిడ బాలీసుని మళ్ళీ వెల్లకిలా తిప్పి, తానే పక్కకి ఒత్తిగించి, సరేనా అన్నట్టు చూసింది. రసజ్ఞ దాని కింద చెయ్యి పెట్టి ఇంకొంచెం సరిచేసింది.

"మా ఆడబిడ్డ అమ్మాన్‌లోనే ఉంటుంది. బడిలో పాఠాలు చెబుతుంది," అంది హనాన్. "ఆమెకి మేం చెప్తాం. రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తుంది అంటున్నారు మా అత్తగారు."

"రోజూ వద్దు."

"రోజు విడిచి రోజు?"

"నేనేం పేషెంట్‌ని కాదు. అక్కడ నా టీమ్ ఉంటుంది, నా పని ఉంటుంది."

హనాన్ ఈ మాటని ఎలా మార్చి చెప్పిందో గాని, ముసలావిడ చాలాసేపు ఏదో వాదించింది. మధ్యలో రాజరాజేశ్వరి నోరు విప్పబోతే ముసలావిడా, రసజ్ఞా ఒకేసారి చెయ్యి అడ్డం పెట్టారు. ఆఖరికి రసజ్ఞే తేల్చింది. పొద్దున లేవగానే తనే హనాన్ ఆడబిడ్డకి ఒక మెసేజ్ పెడుతుంది. ఆఫీసు వేళ దాకా అది రాకపోతే ఆమె ఫోన్ చెయ్యాలి. ఎత్తకపోతే రావాలి. ఫ్లాట్ తాళం ఒకటి ఆమె దగ్గర ఉంటుంది. రాత్రి విందులకి పిలవచ్చు గాని, వెళ్ళిపోతానంటే ఇంకాసేపు అని ఆపకూడదు. ఆఫీసులో ఎవరికీ తెలియకూడదు. ఇవీ షరతులు. హనాన్ ఆడబిడ్డ నంబరు రసజ్ఞ ఫోన్‌కి పంపింది.

ముసలావిడ అన్నీ విని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని తల వంచింది. తరవాత రాజరాజేశ్వరి వైపు తిరిగి కప్పు చూపించింది.

కాఫీ పూర్తిగా చల్లారిపోయి ఉంది. వేపాకు నూరి కలిపినంత చేదు. రాజరాజేశ్వరి రెండు గుక్కల్లో తాగేసింది. హనాన్ వెంటనే ఇంకో కప్పు పోసింది. దాన్ని ఆమె కింద పెట్టలేదు.

లిఫ్టులో రసజ్ఞ తమ తొమ్మిదో అంతస్తు నొక్కి, అంకెలు మారడం చూస్తూ నిలబడింది.

"నీకు తెలుసు. తాగేస్తే అయిపోయేది."

"తెలుసు."

"తెలిసే తాగలేదు."

"ఊఁ."

"మాటిచ్చావు."

రాజరాజేశ్వరికి తప్పయిందని అనబుద్ధి కాలేదు. తలుపు తెరుచుకున్నాక రసజ్ఞ ముందు నడుస్తూ, "నాన్నకి చెప్పకు," అంది. "వాళ్ళింట్లో బాలీసుని దొర్లించి చూపించానంటే ఆయనకి గుండె ఆగుతుంది."

ఆ రాత్రి భోజనాల దగ్గర రసజ్ఞ తండ్రితోనే మాట్లాడింది. ఆయన గసగసాల సంగతి ఎత్తితే ఓపిగ్గా వింది.

మర్నాడు పొద్దున రాజరాజేశ్వరి కాఫీ గ్లాసు పట్టుకుని కూతురి గది దగ్గరికి వెళ్ళింది. రోజూ ఆ వేళకి తలుపు కొంచెం తీసి, దుప్పటి కదులుతోందో లేదో చూసి వెళ్ళడం అలవాటు. ఈసారి తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. లోపల ఫోన్ టింగుమంది, మెసేజ్ వెళ్ళిన చప్పుడు.

"లేచానని పెట్టానులే," అంది రసజ్ఞ లోపల్నుంచి. "అలవాటు అవుతుందని."

"నాకేం రాలేదే."

"నీక్కాదు. అమ్మాన్‌కి."

"వాళ్ళకింకా తెల్లారి ఉండదు కదే."

"లేచాక చూసుకుంటారు," అంది రసజ్ఞ. "కాఫీ అక్కడ పెట్టు, వస్తున్నా."

రాజరాజేశ్వరి గ్లాసు బల్ల మీద పెట్టి, తలుపు తియ్యకుండానే వంటింట్లోకి వెళ్ళింది.