నలభై ఒకటో పేజీ

సోమవారం వస్తే చిన్నతల్లి పశువులకి గడ్డేసి, గంజి తాగి, గ్రామ సచివాలయానికి వెళ్లేది. అక్కడ ఉద్యోగం చేసే శ్రావణి కంప్యూటర్‌లో గ్రామసభ రిజిస్టరు తెరిచేది. ఎవరైనా చూసుకోవచ్చని ప్రభుత్వం ఆ రిజిస్టర్లు నెట్‌లో పెట్టాక, కోటబొమ్మాళి చుట్టుపక్కల ఊళ్లకి అదొక అలవాటైంది. వేలుముద్ర వేసిన మనిషి బతికుంటే తెర మీద ముద్ర వెచ్చగా ఉంటుంది, పోతే చల్లబడుతుంది. వలస పోయినవాళ్ల క్షేమం జనం అలాగే కనుక్కునేవారు.

చిన్నతల్లి మొగుడు ఎర్రన్న చెన్నైలో తాపీపనికని రైలెక్కి ఆరేళ్లు. రెండు నెలలు ఫోన్ చేశాడు. తర్వాత లేదు. కర్మ చేసేద్దామని పెద్దలంటే ఆమె నవ్వేది.

"నలభై ఒకటో పేజీలో వెచ్చగా ఉన్నాడు. కర్మేటి?"

ఓ సోమవారం వేలు పెడితే ముద్ర చుర్రుమంది.

"ఓలమ్మో, మడిసికి జొరమొచ్చినాది! ఆ ఊర్లో గంజెవులిస్తారు?" అంటూ ఇంటికి పరుగెత్తింది.

ఇంట్లో మరిది సోములు దుప్పట్లో వణుకుతున్నాడు. నుదుటి మీద చెయ్యేసింది. అదే వేడి. అతని బొటనవేలు పట్టుకుంది.

"ఒరే, ఆ ముద్ర ఎవులిది?"

సోములు గోడవైపు తిరిగాడు. "నీళ్ల ట్యాంకు తీర్మానానికి తలకాయలు సాల్లేదన్నారు వదినా. ఆ పొద్దు అన్న పొలంలో ఉన్నాడు. అన్న పేరు మీద కూడా నేనే యేసీసినాను."

"ఆరేళ్లు నోరు కుట్టీసుకున్నావేటి?"

"మొదటి సోమారం నవ్వుకుంటా వొచ్చినావు. ఆ పూటే కడుపునిండా తిన్నావు. ఏ నోటితో సెప్పమంతావు?"

గురువారం ఆమె మళ్లీ సచివాలయానికి వెళ్లింది.

"ఈరోజు సోమవారం కాదు కదా పిన్నీ?" అంది శ్రావణి.

"ఆయన సొంతంగా యేసిన ముద్ర ఏదైనా ఉన్నాదేటమ్మా?"

పాత రిజిస్టర్లు కిందటి నెలే ఎక్కించారు. శ్రావణి వెతికింది. ఎర్రన్న తనే లేచి మాట్లాడిన బడి ప్రహరీ తీర్మానం కింద, గీత దాటి పక్కకి జారిన ముద్ర. ఏ పనీ నిదానంగా చేసే మనిషి కాడు.

చిన్నతల్లి వేలు పెట్టింది. మనుషులు లేని ఇంట్లో గచ్చులా ఉంది. తియ్యలేదు. కాసేపటికి తెర వెచ్చబడింది. ఆశగా వేలు తీసి, చీరకి తుడిచి, మళ్లీ పెట్టి చూసింది. చల్లగానే ఉంది. ఇందాకటిది తన వేడే.

"నలభై ఒకటి తియ్యమ్మా."

అక్కడ మామూలు వెచ్చదనం.

"సోములికి జొరం తగ్గినాది," అంది లేస్తూ. "ఎల్లి పెద్దలకి కబురెట్టమని సెప్పాల. ఆల అన్నకి కర్మ సెయ్యాల."