ఎలుగు పెంచిన వీరుడు

పండమ్మ వీపు మీద బొచ్చు మొలుస్తోంది. ఆమె పెంచిన బోడయ్య పుట్టుపూర్వోత్తరాలను బొమ్మల కథగా వేస్తున్నారు. ఆ కథలో వాణ్ని పెంచింది ఒక ఎలుగుబంటి. అందుకని మొలుస్తోంది.

గూడెంలో ఈ సంగతి అందరికీ తెలుసు. వాగు దగ్గర ఆడవాళ్ళు ఆమెకు కాస్త ఎక్కువ జాగా వదిలి కూర్చుంటారు, అంతకుమించి ఎవరూ ఏమీ అనరు. పొద్దున్నే ఆమె మొగుడు లచ్చిరెడ్డి కుంకుడుకాయలు నలగ్గొట్టి, ఆమె వీపు రుద్దుతాడు. నురగ నల్లగా దిగుతుంది. అది మురికి కాదు, సిరా. వానకు తడిసి మురిగిన గొంగళి వాసన వేస్తుంది.

"పోతందా మావా?" అని పండమ్మ అడుగుతుంది.

"పోయిన కాడికి పోతంది. కింద నించి ఇంకోటి వత్తంది."

లచ్చిరెడ్డి చేతులు కడుక్కుంటాడు. మళ్ళీ కడుక్కుంటాడు. ఆమె చూడకుండా వాసన చూసుకుంటాడు. ఆమె చూస్తుంది.

బోడయ్య ఆకాశంలోంచి పడ్డాడు. పండమ్మ కన్న ఆడపిల్ల జ్వరంతో పోయి, రొమ్ములు ఇంకా సలుపుతున్న రోజుల్లో ఒక విమానం కొండ మీద కూలింది. అందులో దొరా దొరసానీ బట్టలు నలగకుండా చనిపోయి ఉన్నారు. వాళ్ళ మధ్య నున్నటి గుండుతో ఒక పసివాడు. పండమ్మ వాణ్ని ఎత్తుకుంది, పాలిచ్చింది, గుండు చూసి బోడయ్య అని పిలిచింది. వాడు పాలు తాగుతూ ఆమె జుట్టు పిడికిట్లో బిగించి పట్టుకునేవాడు. నిద్రపోయినా వదిలేవాడు కాదు. పిడికిలి విప్పదీస్తుంటే ఆమెకు నవ్వొచ్చేది. అంతకుముందు చాలా కాలంగా ఆమె నవ్వలేదు.

అలాంటి పిల్లలు తొందరగా పెరుగుతారు. ఒక వానాకాలంలో నడిచాడు. తరవాతి వానాకాలానికి గుమ్మంలో పట్టలేదు. ఛాతీ మీద కండలు పలకలు పలకలుగా లేచాయి. ఒంటికి ఎవరూ నూనె రాయకపోయినా ఎప్పుడూ జిడ్డు కారుతూ ఉంటుంది. వాడు ఆనుకున్న గోడ మీద మనిషి ఆకారంలో మరక మిగులుతుంది. ఆ మరకకు చీమలు పడతాయి. నడుముకు చిరుతతోలు చుట్టుకుంటాడు. ఆ చిరుతను ఎవరు చంపారో ఎవరికీ తెలీదు. తోలు ఇంతవరకు ఆరలేదు. లోపలి వైపు నుంచి బొట్టు బొట్టుగా కారుతూనే ఉంటుంది, వాడి పిక్కల దాకా.

బొమ్మలు వేసే ఆయన పేరు కనకలింగం. పట్నం నుంచి వచ్చి, గూడెం నడుమ పొడుగాటి ఎత్తుపీట వేసుకుని కూర్చున్నాడు. ఒక్కో బొమ్మ పూర్తవగానే పీట కాళ్ళు కాస్త పెరుగుతాయి. ఇప్పుడు ఆయన ఇళ్ళ కప్పులకన్నా ఎత్తులో ఉన్నాడు. అక్కడి నుంచి కుంచె విదిలిస్తే సిరాచుక్కలు కింద ఉడుకుతున్న అంబలిలో పడతాయి. గూడెంలో అందరి పళ్ళూ నల్లబడ్డాయి.

ఆయన వచ్చినప్పటి నుంచి మాటలు కూడా మారిపోయాయి. ఎవరు నోరు తెరిచినా మాటతో పాటు తెల్లటి బుడగ ఒకటి బయటికొస్తుంది. కప్పగుడ్ల మీద ఉండే జిగురులా తడిగా, వెచ్చగా ఉంటుంది. తల మీద కాసేపు తేలి, బరువెక్కి, జారి ఎక్కడో అంటుకుంటుంది. బుడగలో అక్షరాలుంటాయి, కానీ అవి మనిషి అన్న మాటలు కావు. ముసలి సన్యాసిరెడ్డి "మేకకి ఆకు ఎయ్యండ్రా" అంటే, బుడగలో "హూ! హూ! తెల్ల దేవుడు!" అని ఉంటుంది. ఎవరికీ చదువు రాదు గనక మొదట్లో పట్టించుకోలేదు. సంతకు వచ్చిన బట్టల వర్తకుడు చదివి చెప్పాక, సన్యాసిరెడ్డి మాట్లాడటం మానేశాడు. పొద్దుటిపూట ఆడవాళ్ళు బూడిద తీసుకుని గోడలకూ దూలాలకూ అంటుకున్న బుడగలు గోకుతారు. గోకినవాళ్ళు ఆ పూట అన్నం తినలేరు.

బొచ్చు భుజాలు దాటి మెడకు పాకిన రోజున పండమ్మ పీట కిందికి వెళ్ళి నిలబడుతుంది.

"అయ్యా, ఆడికి పాలిచ్చింది నేను. ఎలుగు కాదు."

కనకలింగం తల వంచడు. గొంతు మాత్రం మర్యాదగానే ఉంటుంది.

"తెలుసమ్మా. నేనేమీ కాదనటం లేదు."

"మరయితే నన్నే గియ్యండి."

"ఆడమనిషి పెంచితే వాడు పెంపుడు కొడుకవుతాడు. ఎలుగు పెంచితే వీరుడవుతాడు. పెంపుడు కొడుకు కథ ఎవరు కొంటారమ్మా?"

పండమ్మ ఆలోచిస్తుంది. జవాబులో తప్పు కనబడదు. అయినా పాచిపోయిన కూర మూత తీసినట్టు మొహం పక్కకు తిప్పుకుంటుంది.

"ఆకరికి ఏమవుద్ది? ఎలుగుకి?"

"ఆటవికులు బల్లేలతో పొడిచి చంపుతారు. వీరుడు దాని పుర్రె మీద చెయ్యేసి ప్రతిజ్ఞ చేస్తాడు. అక్కడితో మొదటి సంచిక అయిపోతుంది."

"ఆటవికులంటే ఎవరు?"

"మీవాళ్ళేనమ్మా. ఇక్కడ వేరే మనుషులు లేరు గదా."

"మా ఆయన కూడానా?"

"వేరు వేరుగా వెయ్యటానికి చోటు చాలదు. అందరికీ ఒకటే ముఖం వేస్తున్నాను."

ఆమె వెనక్కి తిరుగుతుంది. గూడెంలో మగవాళ్ళందరికీ ఒకటే ముఖం ఉంది. లావు పెదాలు, గుండ్రటి కళ్ళు, ముక్కులో ఎముక. ముసలివాళ్ళకూ అదే, పెళ్ళికాని కుర్రాళ్ళకూ అదే. ఎముక గుచ్చిన చోట చీము పట్టింది. ఆమె ఒక్కొక్కరి పాదాలు చూసుకుంటూ వెళ్ళి, గొడ్డలి దెబ్బకు బొటనవేలి గోరు చీలినతని దగ్గర ఆగుతుంది.

"నువ్వేనా మావా?"

"నేనే. అద్దంలో సూసుకున్నా. పక్కింటోడనుకుని పలకరించా." లచ్చిరెడ్డి చెయ్యి ముక్కు దాకా వెళ్ళి ఆగిపోతుంది. "కంపు కొడతన్నానా?"

"ఇద్దరం కొడతన్నాం," అంటుంది పండమ్మ.

బోడయ్య కొండకొన మీద నడుముకు చేతులు పెట్టుకుని నిలబడి ఉంటాడు. బొమ్మల కథలో ఇప్పుడు వాడి పేరు వజ్రభుజుడు. గాలి లేకపోయినా వాడి తల మీద కొత్తగా వచ్చిన ఉంగరాల జుట్టు ఒక వైపుకే ఎగురుతూ ఉంటుంది. పండమ్మ రాళ్ళు పట్టుకుని పైకి ఎక్కుతుంది. ఎక్కుతూ ఎక్కుతూ సగం దారిలో నాలుగు కాళ్ళ మీద నడుస్తున్నట్టు గమనిస్తుంది. దారిలో చెదల పుట్ట కనిపిస్తే నోరు ఊరుతుంది. మూతి పెట్టేస్తుంది కూడా. నాలుక మీద చెదలు కదులుతుంటే తియ్యగా ఉంటుంది. ఆ తీపి తలుచుకుని పక్కకు వెళ్ళి కక్కుకుంటుంది.

"బోడీ, ఒక్క మాట సెప్పు ఆయనకి. నన్ను పెంచింది ఈవిడేనని సెప్పు. నీ మాట ఇంటాడు."

వాడు ముక్కు మూసుకుంటాడు. వేళ్ళ సందుల్లోంచి జిడ్డు కారుతుంది.

"దూరంగా నిలబడు. నీ వాసనకు నా తల తిరుగుతోంది."

"ఈ వాసన నీ వల్లనే గదరా."

"నాకు నువ్వు గుర్తున్నావు," అంటాడు వాడు నెమ్మదిగా. "నీ జుట్టు పట్టుకోవటం గుర్తుంది. కానీ ఎలుగైతే చచ్చిపోయినప్పుడు ఏడవటానికి బాగుంటుంది. మనిషివైతే నీతో పాటు మీ ఇల్లూ, మీ అంబలీ, మీ నల్లపళ్ళూ అన్నీ నా కథలోకి వస్తాయి. నాకు అసహ్యం."

వాడి నోటి నుంచి కూడా బుడగ వస్తుంది. అందరి బుడగల్లా జారదు, ఎండలో మెరుస్తూ నిలబడి ఉంటుంది. అందులో "ఓ మూగజీవమా! నీ ఋణం ఏ జన్మకు తీర్చుకోగలను!" అని ఉంటుంది. పండమ్మ చదవలేదు. చదివితే ఏం చేసేదో చెప్పలేం. ఆమె ఏదో అనబోతుంది. నోట్లోంచి గుర్రుమనే చప్పుడు వస్తుంది. మాట రాదు. ఈసారి బుడగ కూడా రాదు.

ఆఖరి బొమ్మ వేసే రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. కనకలింగం పీట ఎంత ఎత్తుకు పెరిగిందంటే కింది నుంచి ఆయన చెప్పుల అడుగులు మాత్రమే కనిపిస్తాయి. పై నుంచి ఒక నల్లటి గీత దిగుతుంది, తరవాత మరొకటి, ఇంకొకటి. నాలుగు గీతలు కలిసి గూడెం చుట్టూ చట్రమవుతాయి. ఇక ఎవరూ బయటికి వెళ్ళటానికి లేదు. పోబోయిన కోడి ఒకటి గీతకు తగిలి సగమే మిగులుతుంది.

మగవాళ్ళ చేతుల్లోకి బల్లేలు వస్తాయి. నడుమ పండమ్మ. ఆమె అరచేతులు కూడా ఇప్పుడు నల్లటి తోలు. బొచ్చు నిండా రక్తం తాగే గోమార్లు. వాళ్ళు వలయంగా తిరగటం మొదలుపెడతారు. కాళ్ళు వాటంతటవే గెంతుతున్నాయి. అందరి తలల మీదా "హూ! హా!" బుడగలు ఒకదానికొకటి అంటుకుని, జిగట పందిరిలా కప్పేస్తాయి. దాని కిందుగా చీలిన గోరు ఉన్న మనిషి ఏడుస్తున్నాడు.

"పరిగెట్టు పండీ. నా సెయ్యి నా మాట ఇనటం లేదే. పరిగెట్టు."

ఎక్కడికీ పరిగెత్తలేనని పండమ్మకు తెలుసు. అయినా ఆమెకు భయం వెయ్యటం లేదు. భయం ఉండాల్సిన చోటంతా రోత నిండిపోయింది. తన వాసన మీద రోత, మొగుడి ముక్కులోని ఎముక మీద రోత, అన్నిటికన్నా ఎక్కువగా చట్రం అంచున, పుర్రె కోసం చెయ్యి చాపి సిద్ధంగా నిలబడ్డ ఆ జిడ్డు మనిషి మీద రోత. వాడు అప్పటికే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కన్నీళ్ళు బుగ్గల మీద ఎంత బాగా నిలవాలో అంత బాగా నిలిచాయి.

ఆమె రెండు కాళ్ళ మీద లేచి నిలబడి, బల్లేలను తోసుకుంటూ నేరుగా వాడి దగ్గరికి వెళ్ళి, వాటేసుకుంటుంది.

ఎలుగు పట్టు ఎలా ఉంటుందో అడవిలో అందరికీ తెలుసు. ఆమె వాడి కడుపును తన కడుపుకు అదిమి బిగిస్తుంది. ఇంకా బిగిస్తుంది. వాడి నోరు తెరుచుకుంటుంది. బుడగ రాదు. పాలు వస్తాయి.

మొదట గుక్కెడు. తరవాత కుండెడు. తాగినవన్నీ వాడి కడుపులోనే ఉన్నాయి. ఒక్క చుక్క కూడా ఒంటికి పట్టలేదు. ఇన్నాళ్ళ ఎండకు పులిసి, విరిగిన ఆ పాలను పచ్చటి నీరుగా, తెల్లటి గడ్డలుగా కక్కుతాడు. గడ్డల్లో ఆమె జుట్టు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. వాసనకు మేకలు పడుకుంటాయి. పాలు మోకాళ్ళ దాకా వస్తాయి, బల్లేలను తేల్చుకుపోతాయి, నల్లగీతలకు తగిలి వాటిని నానబెట్టి చెరిపేస్తాయి. పీట కాళ్ళ వెంబడి చీమల్లా పైకి పాకుతాయి.

చాలా ఎత్తు నుంచి కనకలింగం గొంతు వినిపిస్తుంది. "ఏమ్మా, బొమ్మ మీద తెల్లరంగు పడితే ఇంక నేనేం చెయ్యలేను!"

ఆయన పీట కాళ్ళు ఒక్కొక్కటిగా మడుచుకుంటూ కిందికి దిగి, పంచె ఎగ్గట్టి పాలలో నిలబడతాడు. వేలు ముంచి నాకి చూసి, "పులిసిపోయింది," అని పట్నం వైపు నడిచి వెళ్ళిపోతాడు.

పండమ్మ చేతుల్లో బోడయ్య పలచబడుతున్నాడు. కండలు ముందుగా జారిపోతాయి. ఉంగరాల జుట్టు పాల మీద తేలిపోతుంది. చివరికి నున్నటి గుండూ, ఖాళీ తోలూ మిగులుతాయి, పిండిన చొక్కా అంత. ఆ గుండులోంచి సన్నగా ఒక మాట వస్తుంది. దాంతో బుడగ రాదు.

"అమ్మా."

ఆ మాట కోసం ఆమె వానాకాలాలకు వానాకాలాలు ఎదురుచూసింది. వచ్చాక చూస్తే దానికీ అదే పులిసిన కంపు. తోలును మడిచి దడి మీద ఆరేస్తుంది. విసిరెయ్యదు, దగ్గరికీ తీసుకోదు. చేతులు పాలతోనే కడుక్కుంటుంది, వేరే నీళ్ళు లేవు.

లచ్చిరెడ్డి ముఖం అతనికి తిరిగొచ్చింది. ముక్కు మాత్రం కాస్త ఎడమకు కుదిరింది. పండమ్మ చేతుల బొచ్చు ఊడిపోయింది, వీపుది ఊడలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు.

"ముక్కు?" అంటాడతను.

"పరవాలేదు. నా ఈపు?"

"సలికాలం పనికొత్తది."

ఆమె గొంతు ఆమెకు తిరిగొచ్చిందని అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది.

పాలు తోడుకుంటాయి. కొండలూ చెట్లూ ఇళ్ళూ అన్నిటి మీదా మందంగా పెరుగు గడ్డకడుతుంది. గూడెం వాళ్ళు కొడవళ్ళతో దాన్ని పలకలుగా కోసి పక్కకు లాగుతారు. విత్తే కాలం దగ్గరపడింది, నేల కావాలి. కానీ కింద నేల లేదు. ముఖాలున్నాయి. ఆకాశం వైపు తిరిగి, చెంపకు చెంప ఆనించి, కొండ ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా పరుచుకున్న ముఖాలు, పట్నపు ముఖాలు, బొమ్మల కథలు కొని చదివేవాళ్ళవి, శుభ్రంగా తల దువ్వుకున్నవి, కళ్ళద్దాలున్నవి. అన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. లోపల నాలుకలు ఆత్రంగా కదులుతున్నాయి.

"తరవాత ఏమైంది?" అని దగ్గరున్న ముఖం అడుగుతుంది.

"తరవాత? తరవాత?" అని మిగతావన్నీ అందుకుంటాయి.

పండమ్మ కాలు పెడుతుంది. మెత్తగా, వెచ్చగా, కాస్త తడిగా ఉంటుంది. కాలు తియ్యకుండా వంగి చూస్తుంది. ఒడిలో విత్తటానికి తెచ్చిన చోళ్ళ గింజలు ఉన్నాయి, చేతిలో గునపం ఉంది. నోళ్ళలో వేస్తే నమిలేస్తాయి. చెవులైతే లోతుగా, నీడగా ఉన్నాయి.

ఆమె ఒక చెవిలో మూడు గింజలు వేసి బొటనవేలితో అదుముతుంది. ఆ ముఖం నోరు మూసుకుంటుంది, లోపల ఏదో కదులుతుంటే వింటున్నట్టు. పక్కదాని చెవిలో లచ్చిరెడ్డి వేస్తాడు. అదీ నోరు మూస్తుంది. ఇద్దరూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని, వరస తప్పకుండా కొండ ఎక్కుతూ పోతారు. వాళ్ళ వెనక, మొదటి చెవిలోంచి పచ్చటి మొలక తల ఎత్తి, కింద ముఖం మింగిన గుటకకు ఒకసారి ఊగి, నిలబడుతుంది.