అలికిన తేనెపెట్టెలు

జీపు ఎక్కేముందే యర్రయ్యకు ఇంట్లో ఒక మాట పడింది.

"ఈ ఏడుతో ఆ తేనెటీగల్ని ఒగ్గీ. కొట్లో కూకుని పంచదార తూసుకుంటే మోకాళ్లయినా మిగుల్తాయి" అంది భార్య నూకరత్నం.

ఆవిడన్నది గిట్టుబాటు మాటే. చోడవరంలోని కిరాణా కొట్టు బాగానే నడుస్తోంది. కొండమీది తేనె వ్యాపారమే ఏటేటా తరుగు చూపిస్తోంది.

ఒకప్పుడు పాడేరు నుంచి అరకు దాకా పల్లెపల్లెకూ ఆయన పెట్టెలుండేవి. పెట్టె ఆయనది, చోటూ కాపలా తోటవాళ్లవి, తేనె చెరిసగం. పట్టులోని పిల్లపురుగుకు తెగులు తగిలి అన్నీ వరసగా ఖాళీ అయ్యాయి. ఇప్పుడు మిగిలినవల్లా జాకబ్ కాఫీ తోటలోని నాలుగు. ఈ కొండ ఈగలు సంతలో దొరికేవి కావు. చెట్టుతొర్రల్లోంచి పట్టి తెచ్చేవాళ్లు విశాఖలో పనులకు పోయారు. అందుకే ఆ నాలుగూ తేనె కోసం కాదు, విత్తనం కోసం. ఈ మంచుకాలం గట్టెక్కితే కాఫీ పూతకు గుంపులు విడిపోయి మళ్లీ పెట్టెలు నిండుతాయి. గట్టెక్కకపోతే నూకరత్నం మాటే చివరి మాట.

జీపు దిగి, పసుప్పచ్చగా పూసిన వలిసె చేల గట్లమీదుగా ఎక్కి, తోటలోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. సిల్వర్ ఓక్ చెట్ల కింద పెట్టెలు లేవు. వాటి చోట నున్నటి ఎర్రమట్టి గూళ్లున్నాయి. వాటిమీద వరసగా సున్నపు చుక్కలు. ఈగలు తిరిగే ద్వారం ఒక్కటే తెరిచి ఉంది.

జాకబ్ భార్య మగ్దలేనమ్మ మోచేతుల దాకా మట్టితో ఇంటి వెనకనుంచి వచ్చింది. క్రిస్మస్‌కు ఊరంతా ఇళ్లు అలుకుతున్నారు.

"సూసినావా సావుకారూ, ఎలాగున్నాయి?"

"ఏటి సేసినావే తల్లీ?"

"ఇల్లు అలికినాను, అదే సేత్తో ఇవీ అలికీసినాను. మా గోడలు ఎచ్చగుండాల, నీ ఈగలు సలికి సావాలేటి?"

గుమ్మంలో కూర్చున్న జాకబ్ చుట్ట నోట్లోంచి తీశాడు. "ఈగలకి పండగ సోకులైపోనాయి. నాకే కొత్త లుంగీ లేదు."

"రా, నీకూ పూసేత్తాను. ఎచ్చగుంటావు" అంది ఆమె.

యర్రయ్యకు నవ్వు రాలేదు. మూత కింద వెనకవైపు వేలు దూరేంత సందు ఆయనే చేయించాడు. అది మట్టితో పూడిపోయింది. మట్టి పక్కగోడలకే ఉంది కాబట్టి మొదటి పెట్టె మూత మెల్లగా లేపాడు. మూత కిందుండే లోపలి చెక్కనిండా నీటిబొట్లు. తేనెపట్టు అంచున బూజు.

"ఇక్కడ చెయ్యి పెట్టు."

ఆమె చెక్కను తడిమింది. "వానే లేదు గదా, ఈ తడేటి?"

"వాటి ఊపిరే. వలిసె పూలనుంచి అవి తెచ్చేది నీళ్లలాంటి రసం. రెక్కలతో ఇసిరి ఇసిరి ఆరబెడతాయి. ఆ ఆవిరి పోయే దారి నువ్వు మూసీసినావు. అది సల్లబడి మళ్లీ వాటి నెత్తినే కారతంది. సలైతే ఒకదాన్నొకటి అంటుకుని బతుకుతాయి. తడిసినాయంటే బతకవు."

"నిరుడు సందు ఒగ్గేసినావు గదా. ఆ సివరి పెట్టె సచ్చిపోనాది. సలిగాలి దూరిందని సెప్పింది నువ్వే."

నిజమే. ఆ మాట ఆయనే అన్నాడు. సరుకు పాడైతే ఏదో ఒక కారణం చెప్పాలి కాబట్టి చెప్పాడు. ఆ పెట్టె ఎందుకు పోయిందో నిరుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

"సందు తియ్యాల" అన్నాడు.

"తియ్యనివ్వను."

"పెట్టెలు నావి."

"మట్టి నాది."

జాకబ్ లేచి వచ్చాడు. "నీకు గాలి కావాల, దానికి ఎచ్చన కావాల, నాకు అంబలి కావాల. లోపలి సెక్క తీసేసి వెదురు తడక ఎయ్యండి. తడక మీద గోనెలో సామ ఊక పొయ్యండి. ఆవిరి ఊకలోంచి పోద్ది, ఎచ్చన ఉండిపోద్ది. తగువు తీరిపోద్ది."

బేరంలో ఇద్దరికీ చెరో సగం నష్టం వస్తేనే అది నిలుస్తుందని యర్రయ్యకు అనుభవం. ఒప్పుకున్నాడు. మగ్దలేనమ్మ ఊక గోనెలు కుట్టి తెచ్చింది. కానీ సందు తియ్యాలంటే ముందు మట్టి రాలగొట్టాలి. అది రాయిలా ఎండి ఉంది. ఆయన చాకు ఆనించి కొట్టాడు. పెట్టె అదిరింది. మళ్లీ కొట్టాడు.

మంచు విడిపోయి ఎండ వచ్చిన వేళ అది. పెట్టెలోంచి ఒక్కసారిగా రొద లేచింది. ద్వారంలోంచి ఈగలు నీళ్లు పొంగినట్టు బయటికొచ్చి, తోటమీద పొగలా తిరిగి, చెట్లు దాటి రాతికొండ వైపు పోయాయి. పట్టూ పిల్లా తేనే అన్నీ వదిలేసి పోయాయి. ముగ్గురూ తలలెత్తి చూస్తూ నిలబడ్డారు.

"సూసినావా?" అంది మగ్దలేనమ్మ. గట్టిగా అనలేదు.

యర్రయ్య చాకు పట్టుకుని రాతిమీద కూర్చున్నాడు. ఇంకా మూడున్నాయి. కదపకపోతే తడికి కుళ్లడం ఖాయం. కదిపితే పారిపోవచ్చు, పోకపోవచ్చు. ఖాయమైన నష్టం కన్నా అనుమానపు నష్టం నయమని కొట్లో ఎవరికైనా చెప్పగలడు. ఇక్కడ చెయ్యి లేవడం లేదు. ఎన్నేళ్ల అలసటో ఒక్కసారే భుజాలమీద కూర్చున్నట్టుంది.

మగ్దలేనమ్మ లోపలికెళ్లి గోరువెచ్చని నీళ్ల తపేలా, పాత గుడ్డ తెచ్చింది.

"ఆ సాకు ఇటివ్వు. గోడ మీద మట్టిని ఎవులైనా కొడతారేటి? నానబెట్టి తియ్యాల."

తడిగుడ్డ అద్ది, మట్టి మెత్తబడే దాకా కూర్చుని, వేళ్లతో ఒలిచింది. తను పెట్టిన సున్నపు చుక్కలు తనే చెరిపేసింది. పెట్టె కదల్లేదు. ఈగలు ఒకటి రెండు ఆమె చేతిమీద వాలి చూసి పోయాయి. పొద్దు వాలేసరికి మూడు పెట్టెలకూ సందు తెరిచి, తడకలు వేసి, ఊక గోనెలు కప్పారు. అప్పుడుగానీ జాకబ్‌కు అంబలి దొరకలేదు.

కాఫీ పూతకు యర్రయ్య మళ్లీ కొండెక్కాడు. తోటంతా తెల్లటి పూలు, మత్తెక్కించే వాసన. రెండు పెట్టెలు హోరుమంటున్నాయి. మూడోది ఖాళీ. ఊక పొడిగానే ఉంది, బూజు లేదు, అడుగున చచ్చిన ఈగలు గుప్పెడు. ఎందుకో ఈసారీ అర్థం కాలేదు. ఈసారి కారణం కల్పించి చెప్పలేదు.

"ఏటేటి సేసినావు?" అని మగ్దలేనమ్మను అడిగాడు.

"సేసిందేటుంది? ఎండొస్తే గోనె తీసి ఆరేసినాను, మంచు దిగితే కప్పినాను. గాలెక్కువైతే సందులో గడ్డి దోపినాను, తగ్గితే తీసీసినాను. రోజూ సూత్తానే ఉన్నాను."

యర్రయ్య రాతిమీద చతికిలబడి లెక్క వేసుకున్నాడు. గాలి నెలకోసారి వచ్చి చూసుకునే సరుకు కాదు. పూటపూటకూ మారేదాన్ని చోడవరంలో కూర్చుని నడపాలనుకోవడమే దండగ బేరం. ఇన్నేళ్లూ పెట్టె కొన్నవాడిదే ఈగ అనుకున్నాడు.

"ఈ రెండూ నీవే అనుకో" అన్నాడు.

ఆమె అనుమానంగా చూసింది. "ఏటి మతలబు? తెగులొచ్చిందేటి?"

"తెగులు నాకే. ఎక్కలేకపోతన్నాను."

"మరి తేనో?"

"అమ్మితే నాకమ్ము."

"తూకం మా ఇంట్లో. నీ కాటా తేవద్దు."

"సరే. గుంపు విడిపోతే ఒకటి నాకియ్యి."

"సూద్దాం" అంది ఆమె. సంతలో ఆయన ఎన్నోసార్లు అన్న మాటే, అదే గొంతుతో. గోనె సర్దుతూ అడిగింది: "ఎండలు ముదిరితే ఏటి సెయ్యాల?"

"గోనె తీసీ. మూత నాలుగు మూలలా పుల్లలు పెట్టి ఎత్తు. దగ్గర్లో నీళ్లుంచు."

"వానలకి?"

"పెట్టెని ముందుకి కాస్త వంచు, నీరు బయటికి జారిపోద్ది. సందు మటుకు మూయకు."

ఆయన లేచి, ఖాళీ పెట్టెను భుజానికెత్తుకోబోయాడు.

"అదెక్కడికి?" అంది మగ్దలేనమ్మ. "గుంపు విడిపోతే నా నెత్తిన పెట్టుకోనా? అక్కడే ఒగ్గీ."

యర్రయ్య పెట్టెను తిరిగి చెట్టు కింది దిమ్మెమీద పెట్టాడు. ద్వారం ఎటువైపు ఉండాలో ఆమెను అడిగి, అటు తిప్పాడు.