బెదురు దువ్వే పెద్దమ్మ

అవును, బెదురు చేత్తోనే తీసేది. దువ్వెనా లేదు, మందూ లేదు. కుందేళ్ల షెడ్డులో పనిచేసేది, అక్కడ అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. కుందేల్ని ఒళ్లో పెట్టుకుని మెడ దగ్గర్నించి తోకదాకా వేళ్లతో మెల్లగా దువ్వేది. బెదురు బూడిదరంగు నూగులా చల్లగా వేళ్లకి అంటుకొచ్చేది. బక్కెట్లో నీళ్లలో వేస్తే రాయిలా మునిగేది.

"పెద్దమ్మా, ఆ బక్కెట్టు దారిలో పెట్టకు తల్లీ, కాలు విరగ్గొట్టుకుంటాను," అని షెడ్డు యజమాని రోజూ గొణిగేవాడు.

"కళ్లు నెత్తిమీద పెట్టుకుని నడిస్తే నేనేం చేసేది?"

కుక్క మొరిగినా, రేకుల మీద వాన పడినా కుందేళ్లు బెదిరిపోయేవి. చూలుతో ఉన్నవాటికైతే ఒక్కోసారి పిల్లలు కడుపులోనే కరిగిపోయేవి. పశువుల డాక్టరు విడమరిచి చెప్పాడు. "బెదిరితే ఒంట్లో ఒక రసం ఊరుతుంది పెద్దమ్మా. రక్తంతో పాటు కడుపులోకీ దిగుతుంది. మొదట్లో పిల్ల ఆవగింజంత కూడా ఉండదు కదా, ఆ రసం మరీ ఎక్కువైతే పెరగడం ఆగిపోవచ్చు. నీ చెయ్యి పడ్డాక నాకు పని తగ్గిందిలే."

ఇంట్లో తనూ కోడలే. కొడుకు లారీ బోల్తాపడి చనిపోయి ఇరవై రోజులు. కోడలికి మూడో నెల. గిన్నె జారితే ఉలిక్కిపడేది. స్నానానికి వెళ్తే, "అత్తమ్మా, తలుపు దగ్గరే ఉండు, ఏదో ఒకటి మాట్లాడు," అనేది. ఏం మాట్లాడాలో తోచక పెద్దమ్మ కుందేళ్ల కబుర్లు చెప్పేది. పడుకుంటే కోడలు అత్త చెయ్యి వదిలేది కాదు.

ఆ చెయ్యి పెద్దమ్మకి హాయిగా ఉండేది. బెదురున్నంత కాలం ఈ పిల్ల నన్ను వదలదులే అనుకుంది. షెడ్డులో ప్రతి కుందేలుకీ తీసిన మనిషి, ఇంట్లో పిల్లకి మాత్రం తియ్యలేదు.

ఒక మధ్యాహ్నం కోడలు ముఖంలో నెత్తురుచుక్క లేకుండా వచ్చి నిలబడింది. "అత్తమ్మా, ఎర్రగా కనపడింది."

ఊళ్లో నర్సమ్మ వచ్చి చూసింది. "బిడ్డ ఇంకా నిలిచే ఉన్నట్టుంది. ఈ దడ తగ్గాలి ముందు," అంది.

పెద్దమ్మ తలుపేసి కోడలి తల ఒళ్లోకి తీసుకుంది.

"నన్నూ కుందేల్ని చేశావా?"

"కుందేలే నయం, ఇన్ని ప్రశ్నలెయ్యదు. కళ్లు మూసుకో."

దువ్వింది. ఆ రోజు మోగిన ఫోను, గుమ్మంలో ఆగిన పోలీసు, తెల్లగుడ్డ కింద కాళ్లు, అన్నీ ఆ నూగులో పడి వచ్చేశాయి. రెండు బక్కెట్లు నిండాయి. పొద్దు వాలేసరికి వేళ్లకి ఇంకేమీ అంటలేదు.

పది రోజులకి నర్సమ్మ పొట్టమీద చిన్న మిషను పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. కోడలు చాన్నాళ్లకి నవ్వింది.

"మా అక్క రమ్మంటోంది అత్తమ్మా. వాళ్ల ఊళ్లో కుట్టుపని ఉందట. ఒక్కదాన్నే బస్సెక్కాలంటే ఇన్నాళ్లూ భయమేసింది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు వెయ్యట్లేదు. నువ్వూ వచ్చెయ్యి."

"షెడ్డులో ఎనిమిది చూలువి ఉన్నాయి. వాటినెవరు చూస్తారు?"

కోడలి సంచి పెద్దమ్మే సర్దింది. మొదటి బస్సు అయిదింటికి. తెల్లారేసరికి కోడలు వెళ్లిపోయింది.